ఎడమ రెక్క కొలత

చిరంజీవి తూనీగకు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వు వేళకు తిని వేళకు పడుకుంటున్నావనే అనుకుంటున్నాం, నమ్మకం లేకపోయినా. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు నాకు ఫోన్ చెయ్యకు. ఫోనులో నేను నోరు తెరిచేలోపే నువ్వు "పర్లేదు నాన్నా" అంటావు. ఉత్తరానికైతే ఎవరూ అడ్డు తగల్లేరు. వచ్చే శనివారం నువ్వు బండెక్కేలోపు ఇది నీకందాలి.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. మీ అమ్మ మోకాలు నయం. సీటు బెల్టులకు నువ్వు పంపిన దారంతోనే మూడు వరసల కుట్టు వేసింది. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని నన్ను లాగమంది. ఊచ వంగింది గాని కుట్టు వదల్లేదు. నువ్వు బొమ్మ గీసిస్తే నేను చేసిన విమానాన్ని మాత్రం ఇంకా 'తోకలేనిది' అనే పిలుస్తోంది. "అన్ని విమానాలకూ తోక ఉంటుంది, మనదానికే ఏం పాపం?" అని అడిగింది మొన్న. మనది ఉత్త రెక్కేనని, మధ్యలో నువ్వు కూర్చుంటావని, తోక చేసే పనంతా రెక్క కొనలే చేస్తాయని నువ్వు నాకు చెప్పినట్టే చెప్పాను. "అయితే ఆ కొనలు ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి" అంది. ఏం తెలిసి అందో గాని, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి బరువు తూచాం. సరితూగే చోటు నువ్వు గీసిన గీతకు బొటనవేలంత ముందుంది, అది మంచిదేనని నువ్వే రాశావు. వెనక బిగించిన ప్రొపెల్లరు ఊగడం లేదు. ఇంజను మీ వెల్డింగు మావయ్య మాట తప్ప ఎవరి మాటా వినదు.

ఇక నేల మీద పరుగు సంగతి. నువ్వు రాసినట్టే బుధవారం పొద్దున్నే మైదానానికి తోలుకెళ్లాం. నేను సీట్లో కూర్చున్నాను. మావయ్య మోటారు సైకిలు మీద పక్కనే వచ్చాడు. నువ్వు చెప్పిన వేగం దాటలేదు, ఒట్టు. ఆ వేగం అందుకోగానే ఎడమ చక్రం నేల వదిలింది. ఎడమ పక్కంతా జానెడు పైకి లేచి, కుడి కొన గడ్డిని రాసుకుంది. "బావా, ఆపెయ్! ఆపెయ్!" అని మావయ్య కేకలు. ఇంజను కట్టేశాను.

"పక్కగాలి కొట్టి ఉంటుంది" అన్నాడు మావయ్య. కంచెకు కట్టిన గుడ్డ ముక్క కదలడం లేదు. అయినా మళ్లీ ఒకసారి పరుగు పెట్టాం, ఈసారి ఎదురు దిక్కు నుంచి. మళ్లీ ఎడమ చక్రమే లేచింది. గాలైతే దిక్కు మార్చినప్పుడు వేషం మార్చాలి కదా.

షెడ్డుకొచ్చి నేనొక్కడినే మూలమట్టం, నువ్వు కొనిచ్చిన కోణం కొలిచే పరికరం తీశాను. కుడి కొన ముందంచు నీ బొమ్మలో ఉన్నట్టే మూడు డిగ్రీలు కిందికి వంగి ఉంది. ఎడమ కొన ఒకటిన్నరే, అందుకే ఆ పక్క ముందు లేస్తోంది. మూడుసార్లు కొలిచాను. మీ అమ్మ గుమ్మంలో నిలబడి "ఏం వెతుకుతున్నావు?" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఏం లేదు, ఏం లేదు" అన్నాను. రెండుసార్లు అనడంతోనే ఆమెకు అర్థమైపోయింది.

తల్లీ, నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ చేసినవాణ్ణి. ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తే వెంట్రుకవాసి వంకరైనా పట్టేస్తాను. మెలిక పడ్డ చెక్కంటే నాకు ఒళ్లు మంట. కుడి రెక్క చేసేటప్పుడు పళ్లు బిగపట్టి నీ బొమ్మలో నువ్వు కావాలని పెట్టిన మెలిక ఎలా ఉందో అలాగే చేశాను. ఎడమ రెక్క పక్కటెముకలు బల్ల మీద నిలబెట్టినప్పుడు మాత్రం చెయ్యి ఊరుకోలేదు. ఒకచోట పల్లంగా కనపడితే ముందంచు కింద పలచటి చెక్క పేడు పెట్టాను. అది లేస్తే పక్కది పల్లమైంది. దానికింకో పేడు. అలా కొనదాకా. నీ మెలికను నేనే నిమిరి సాపు చేశాను. పైన ప్లైవుడ్ అతికించాక ఎంత నున్నగా కుదిరిందోనని ఆ రోజు రెండు కప్పుల టీ తాగాను.

ఇక్కడిదాకా పొరపాటు. తర్వాతది పొరపాటు కాదు.

"ఎడమ రెక్క కొలిచావా నాన్నా? ఎంత వచ్చింది?" అని నువ్వు ప్రత్యేకంగా రాశావు. "కొలిచాను, మూడు డిగ్రీలు" అని జవాబిచ్చాను. నేను కొలవలేదు. కుడిదాని కొలతే ఎడమదానికీ రాసేశాను. నా చేతి పని మీద కొలత పెట్టమంటావా, నిన్నగాక మొన్న పెన్సిల్ పట్టుకున్న పిల్లవి, అని లోపల చిన్న రోషం. ఆ రోషాన్నే నమ్ముకుని నువ్వు గాల్లోకి లేవాల్సి వచ్చేది. వేగం తగ్గిందంటే ముందు ఎడమ కొనే గాలిని వదిలేసేది. కొన వదిలితే ఆ పక్కకే ఒరిగి గిరగిరా తిరుగుతూ నేల కూలుతుందని నువ్వే కాగితం విమానంతో చూపించావు. రెండు రోజులుగా కళ్లు మూస్తే నాకు ఆ కాగితమే కనపడుతోంది. భయమేస్తోందమ్మా.

మావయ్య మంచివాడే గాని, "రెక్క వెనక కదిలే అంచుకు చిన్న రేకు ముక్క బిగిస్తే సరిపోతుంది బావా, పిల్లకు చెప్పి కంగారు పెట్టడమెందుకు" అన్నాడు. నిజం చెప్పాలంటే రేకు కత్తిరించాను కూడా. అప్పుడు మీ అమ్మ ఒక్కటే అడిగింది. "ఆదివారం అది బెల్టు పెట్టుకునేటప్పుడు 'అంతా సరేనా నాన్నా' అంటుంది. నువ్వేమంటావు?"

నేనేమంటానో నాకు తెలుసు కాబట్టే ఇంత భయం. నువ్వేమంటావో కూడా తెలుసు. "ఒకటిన్నరే కదా, సర్దుకుంటాను" అంటావు. నీకు ధైర్యం ఎక్కువ, నాకు నిన్ను కాదనే శక్తి తక్కువ. ఇద్దరం కలిస్తే ఆ విమానం లేచి తీరుతుంది.

అందుకే ఇవాళ పొద్దున రంపం తీసుకుని ఎడమ రెక్కను మధ్యకు కోసేశాను. అతికించడానికి వీల్లేకుండా రెండు చోట్ల కోశాను. రెండేళ్ల పని పావుగంటలో పోయింది. మీ అమ్మ ముక్కను పట్టుకుంది, ఊగకుండా.

నీ సెలవు వృథా చేశాను, నీ నమ్మకం కూడా. తిట్టు, పడతాను. ప్రయాణం మాత్రం మానుకోకు. కొత్త పక్కటెముకలు బల్ల మీద పెట్టేటప్పుడు ప్రతిదాన్నీ నువ్వే కొలువు. నేను పట్టుకుంటాను, కన్ను మూసి చూడను.

ఇట్లు,
కొలవకుండానే కొలిచానని రాసిన
మీ నాన్న