కిటికీ తీస్తే కాగే రేడియేటరు

గ్యోర్లిట్స్, జనవరి 14

అమ్మా ఇర్మెలా,

నేను కులాసాగానే ఉన్నాను, బుర్ర తప్ప. మీ పసిదాని కోసం చిన్నగదిలో గది వెచ్చబెట్టే పాత రేడియేటరు తీయించి కొత్తది పెట్టించాను. మేస్త్రీ ప్లోట్నర్ దానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్న వాల్వు బిగించి, "మూడు మీద ఉంచండి, గది వెచ్చదనం అదే చూసుకుంటుంది" అని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే గాలి మారాలని కిటికీలు బార్లా తీశాను. బయట మంచు, రేడియేటరేమో పెనంలా కాలుతోంది! కిటికీలు మూసి గది వెచ్చబడేసరికి అది చల్లబడింది. తలకిందులుగా బిగించాడని మళ్ళీ పిలిపించాను.

"సరిగ్గానే ఉందండీ. చలిగాలి తగిలేసరికి వాల్వు గది చల్లబడిందనుకుని వేడి పెంచుతోంది. కిటికీ తీసేముందు వాల్వు కట్టేయండి, మూశాక మళ్ళీ మూడుకి తిప్పండి."

"యాభై ఏళ్ళుగా తీస్తున్న కిటికీకి ఇప్పుడు దీని అనుమతి కావాలా?"

"వీధిని కూడా వెచ్చబెడతానంటే అక్కర్లేదు, టీచరుగారూ."

నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఈ రెండు తిప్పుళ్ళూ తలకెక్కడం లేదు. నిన్న కట్టేసి, తిరిగి తిప్పడం మరిచాను. సాయంత్రానికి గది మంచుగడ్డ. మూడు వారాల పిల్ల అందులో పడుకుని ఉంటే?

శనివారం ఏ రైలుకు వస్తున్నారు? లీస్బెత్ పాలు సరిగ్గా తాగుతోందా? ఊలు మేజోళ్ళు రెండు జతలు తీసుకురా. మీ ఆయన పన్ను పీకించుకున్నాడా?

మీరున్న నాలుగు రోజులూ ఆ గది కిటికీ తీయను. కింది వాటా హెర్టాకు మాత్రం చెప్పకు. పొద్దున్నే కిటికీ తీయని ఇల్లంటే ఆవిడకు ఉతకని దుప్పటితో సమానం.

లీస్బెత్‌కు ముద్దులు, మీ ఇద్దరికీ దీవెనలు.

అమ్మ