వైదేహికి ఇంకో ఏడాది

జూన్ 13
మనవరాలు వైదేహి డల్ అట! నిన్న అమలాపురంలో బడి తెరిచారు. ఒకటో క్లాసులో మొదటిరోజే డిక్టేషన్. పాప వెనకబడిందండీ అని టీచరు మా అమ్మాయి నాగశ్రీతో అన్నదట. పిల్ల పుట్టింది మే 29న. పక్కన కూర్చునే పిల్ల అంతకు ముందటి ఏడాది జూన్‌లో పుట్టింది. మొన్న అయిదు నిండినదానికీ, ఆరు నిండినదానికీ ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు! అయిదేళ్ల బతుకులో ఏడాదంటే అయిదో వంతు. ఇంత చిన్న లెక్క తెలియని బడి, నా మనవరాలికి ఏమీ రాదంటుంది.

జూన్ 14
మళ్లీ యూకేజీలోనే ఉంచమన్నాను. నాగశ్రీ భగ్గుమంది. నాన్నగారూ, మీ ఉద్యమాలు పేపర్లో చేసుకోండి, నా పిల్ల మీద కాదు అంది. అల్లుడు మర్యాదస్థుడు. ఆయ్ మావయ్యగారూ, ఆయ్ అంటూనే వెళ్లి ట్యూషన్ మాట్లాడి వచ్చాడు. పాలపళ్లు ఊడని పిల్లకి ట్యూషన్! రెండు గంటలు అరిచాను.

జూన్ 15, ఉదయం 6
ఎవరూ మాట్లాడటం లేదు. కాఫీ మాత్రం వచ్చింది.

జూన్ 17
మా ఆవిడ భ్రమరాంబ బాంబు పేల్చింది. మీకూ ఇంతే కదండీ, మావగారు మేష్టారే కదా, వయసు పెంచి బళ్లో వేసేసేరని అత్తయ్యగారు చెప్పేవారు అంది. పెళ్లయిన ముప్పై ఏళ్లకా చెప్పడం! రుజువేదంటే, అటక మీద మీ జాతకం ఉందిగా అంది. జాతకాలు బూటకమని కరపత్రాలు వేసి పంచిన నేను నిచ్చెన ఎక్కాను. సర్టిఫికెట్లో 1970 జూన్ ఒకటి. జాతకంలో సాధారణ నామ సంవత్సరం, మాఘమాసం. అంటే 1971 ఫిబ్రవరి. ఎనిమిది నెలలు! ఎక్కాలు రాక బెంచీ ఎక్కి నిలబడ్డది మొద్దుతనం కాదు, పసితనం. నిచ్చెన పట్టుకున్న భ్రమరాంబ నవ్వు ఆపుకోలేక, కాస్త కళ్లకద్దుకుని దిగండి అంది.

అటక మీదే కూర్చుని నేనూ నవ్వాను. మొద్దుని కాను!

జూన్ 18
జాతకం, సర్టిఫికెట్టూ పక్కపక్కన పెట్టి చూపించాను. నాగశ్రీ చాలాసేపు చూసింది. తాతగారు మిమ్మల్ని లెక్కలకి కొట్టేవారన్నారు, అప్పుడు మీరింత చిన్నవాళ్లా నాన్నగారూ అంది. అల్లుడికి తనే ఫోన్ చేసి ట్యూషన్ వద్దని చెప్పేసింది.

జూన్ 19
ప్రిన్సిపాల్ రత్నమాల గారి కోసం పన్నెండు పాయింట్లు రాసుకెళ్లాను. రెండోదానికే, ఆయ్, అలాగేనండీ, యూకేజీలో కూర్చోబెడదాం అనేశారు. మిగిలిన పదీ వదులుతానా? కొబ్బరి వలిచే పైడమ్మ కూతురు కూడా అక్కడే చదువుతోంది. ఏడాది ఆగే వీలు వాళ్లకెక్కడిది? అందుకే ప్రోగ్రెస్ రిపోర్టులో మార్కుల పక్కన వయసు నెలలతో సహా రాయమన్నాను. రాస్తామండీ, ముందు టీ తాగండి చల్లారిపోతోంది అన్నారు. గెలిచినట్టున్నాను. అలవాటు లేదు.

జూన్ 20
వైదేహి బడి నుంచి పరిగెత్తుకొచ్చింది. తాతగారూ, మా యూకేజీలో అందరూ చిన్నపిల్లలండీ, రేపెప్పుడైనా నేను బడి మానేస్తే వాళ్ల లేసులెవరు కడతారూ అని నిలదీసింది.