హాజరు పట్టీలో జుబియా

అవనిగడ్డ,
20-10-1998

బెజవాడ, బెంజ్ సర్కిల్ దరి, అగ్రగణ్య బాలికల వసతి పాఠశాల ప్రిన్సిపాల్ రామలింగం గారి సముఖమునకు, విశ్రాంత తెలుగు పండితుడు షేక్ కరిముల్లా నమస్కారపూర్వకంగా వ్రాయునది.

మా ఏకైక పుత్రిక జుబియాను జూన్ మాసంలో ఎనిమిదో తరగతిలో తమకు అప్పగించాను. అంతకుముందు ఆమె రోజుకు నలభై ప్రశ్నలు అడిగేది. గుడ్డులో ఉన్న పిల్లకు అది చీకటని తెలుసా? నీడను తొక్కితే నొప్పి ఎవరికి? ముప్పై నాలుగేళ్ళు పద్యాలు చెప్పి, పురాణాలు విప్పిన నాకు వీటిలో సగానికి సమాధానం తోచేది కాదు. ఆ సిగ్గుతోనే బిడ్డను తమ వద్ద చేర్చానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దసరా సెలవులకు ఇల్లు చేరి మూడు రోజులు ఒక్క ప్రశ్నా అడగలేదు. నాలుగోనాడు "నాన్నా, నేను మళ్ళీ వెళ్ళాలా?" అని అడిగింది. అక్కరలేదన్నాను. నాటినుండి ఇంటిపట్టునే ఉన్నది, ప్రశ్నలూ మళ్ళీ నలభైకి చేరాయి.

అయినను ప్రతి సోమవారం ఆమె చేతివ్రాతతో తమ వసతిగృహం నుండి ఉత్తరం వస్తోంది. "నేను క్షేమం. బాగుగా చదువుచున్నాను. భోజనం బాగున్నది." మొదటిది ఆలస్యంగా అందినదనుకున్నాను. నిన్న మూడవది వచ్చింది. దయచేసి వీటిని ఆపించి, బదిలీ పత్రం పంపగలరు.

ఇట్లు,
భవదీయుడు
కరిముల్లా

తా.క. అలవాటుకొద్దీ ఆ ఉత్తరంలోని తప్పులను ఎర్రసిరాతో దిద్ది పదికి ఏడు మార్కులు వేశాను. భుజం మీదుగా చూస్తున్న జుబియా, "నేను రాయని ఉత్తరంలో తప్పులు నావేనా నాన్నా?" అన్నది.

*

విజయవాడ,
26-10-1998

రోల్ నంబరు 217 గారి తండ్రికి, ప్రిన్సిపాల్ వ్రాయునది.

మీ లేఖ అందినది. 217 దసరా అనంతరం ఒక్క పూట కూడ గైరుహాజరు కాలేదు. ప్రతి ఉదయం "ప్రెజెంట్ సార్" అని స్పష్టముగా పలుకుచున్నది. జూలైలో సైన్సు మాస్టారిని పీరియడుకు ఆరు ప్రశ్నలతో వేధించిన బాలిక, ఇప్పుడు సందేహమన్నది ఎరుగదు. యూనిట్ పరీక్షలో ప్రథమ ర్యాంకు పొందినది. ప్రోగ్రెస్ కార్డు జతపరచడమైనది.

మీ ఇంటనున్న బాలిక బంధువుల పిల్ల అయి ఉండవచ్చును. విచారించుకొనగలరు. ర్యాంకు విద్యార్థినికి సంవత్సరం నడిమధ్యన బదిలీ పత్రం ఇచ్చు ఆచారం మాకు లేదు.

ఇట్లు,
కె. రామలింగం

తా.క. 217 భోజనశాలలో కంచం ముందు కూర్చుని, అన్నం ముట్టకుండనే లేచుచున్నది. బొద్దుగా ఉన్న బాలికలకు ఆమెను ఆదర్శముగా చూపుచున్నాము.

*

అవనిగడ్డ,
30-10-1998

రామలింగం గారికి, కరిముల్లా నమస్కరించి చేయు మనవి.

తమ లేఖను జుబియా ఎదుటనే బిగ్గరగా చదివాను. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తూ వింటున్నది. బంధువుల పిల్ల అని తాము వ్రాసినచోట నా భార్య నుస్రత్ తలుపు చాటునుండి, "కన్నది నేనండీ! ఆ పెద్దమనిషిని ఒకసారి మా ఇంటికి రమ్మనండి, చెప్తాను" అన్నది.

కాని ఒక భయం పుట్టింది. ప్రోగ్రెస్ కార్డు అందిన నాటినుండి నలభై ప్రశ్నలు ఇరవై ఆరైనాయి. నిన్న పదకొండు. "వాన చినుకు కిందపడేటప్పుడు..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, వెదికి, "ఏమీ లేదు నాన్నా" అన్నది. అంతవరకు ఆ మూడు మాటలు ఆమె నోట నేను వినలేదు.

అక్కడి పిల్ల ఎదిగిన కొద్దీ ఇక్కడి పిల్ల తరిగిపోతోంది. మృత్యువు గడపలోనే కూర్చుని ప్రశ్నలడిగిన బాలుణ్ణి మన పెద్దలు కొనియాడారు గాని, నోరు మూసుకొమ్మనలేదు. హాజరు పట్టీలో నా బిడ్డ పేరు కొట్టివేయండి. అంతకంటె ఏమీ కోరను.

ఇట్లు,
కరిముల్లా

తా.క. మనసు ఆగక ఒక ఆటవెలది చెప్పాను. చిత్తగించండి.

అడుగు బిడ్డ నోరు నణచిన చదువేల
నీరు లేని కాల్వ నిలువు గట్లు
పలక నిండె గాని పలుకాడ లేదింక
బదులు గలుగు నింట బాల లేదు

*

విజయవాడ,
4-11-1998

కరిముల్లా గారికి, ప్రిన్సిపాల్ వ్రాయునది.

మీ పద్యమును మా తెలుగు మాస్టారికి చూపగా, ఇది పరీక్షకు రాదని తెలిపినారు.

మీ తృప్తి కొరకు స్వయముగా తరగతికి వెళ్ళితిని. 217 లేచి నిలబడినది. "సందేహములేమైనా ఉన్నవా?" "లేవు సార్." పంకా గాలికి అందరి పుస్తకముల పుటలు ఎగిరినవి. ఆమెవి కదలలేదు. జడ సైతం కదలలేదు. యూనిఫారం జూన్‌లో ఇచ్చినది ఇచ్చినట్లే, ఒక్క ముడుత లేదు. ఇంత క్రమశిక్షణ నా సర్వీసులో చూడలేదు.

ఈ నెల 22న రాష్ట్రస్థాయి ప్రతిభా పరీక్ష కలదు. ప్రథమ స్థానము మనదే. పేరు కొట్టివేయుట అసంభవము. రెండవ ఆదివారం తల్లిదండ్రులను అనుమతింతుము. వచ్చి కన్నులారా చూచుకొనుడు.

ఇట్లు,
కె. రామలింగం

తా.క. మా కాపలాదారు పుల్లయ్య, పట్టీలో నాలుగు వందల మంది ఉండగా భోజనశాల బయట నూటఅరవై జతల చెప్పులే ఉన్నవని చెప్పినాడు. పిల్లల చెప్పులు లెక్కించుట అతని ఉద్యోగం కాదని మందలించితిని.

*

అవనిగడ్డ,
9-11-1998

రామలింగం గారికి, కరిముల్లా వ్రాయునది.

నిన్న తాము చూపగా చూశాను. అదే ముఖం. ఎడమ కనుబొమ మీద అదే మచ్చ. "నమస్కారం సార్" అన్నది. "నీ పేరేమమ్మా?" అన్నాను. "రెండు వందల పదిహేడు" అన్నది. నుస్రత్ పంపిన సున్నుండను చేతిలో పెట్టాను. పట్టుకున్నది. తినవచ్చునా అని అడగలేదు, తినలేదు. వేళ మించినదని తాము పంపివేసేదాకా అట్లే పట్టుకుని నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి జుబియా గడపలో కూర్చుని ఉన్నది. రోజంతటికీ ఒకటే ప్రశ్న అడిగిందట. నాకోసం దాన్నే మళ్ళీ అడిగింది.

"నాన్నా, నేను ఎక్కడ ఉన్నాను?"

ఇరవై రెండో తేదీ తరువాత ఈ ఒక్కటీ మిగలదు. అయ్యా, తమకు ర్యాంకులు వేరే దొరుకుతాయి.

ఇట్లు,
కరిముల్లా

తా.క. చెప్పనా, మాననా అని బస్సులో దారంతా తర్కించుకున్నాను. తమ బడిలోనే చదువుతున్న తమ అమ్మాయిని పిలిచి, ఏడేళ్ళుగా ప్రథమ ర్యాంకని గర్వంగా చూపారు. ఆమె నాకు చల్లటి నీళ్ళ గ్లాసు అందించింది. స్టీలు గ్లాసు నిండా చెమ్మ పట్టి ఉన్నది. దాని మీద ఆమె వేళ్ళ గుర్తు ఒక్కటీ పడలేదు. తండ్రిగా తండ్రికి చెబుతున్నాను, ఆమెను ఏమైనా అడిగి చూడండి.

*

విజయవాడ,
14-11-1998

పూజ్యులు కరిముల్లా గారికి, రామలింగం అనేక నమస్కారములు.

మీ లేఖ చదివి కోపించితిని. చించబోయితిని. మధ్యాహ్న భోజనం వేళ, కోపంతోనే, మా అమ్మాయిని అడిగాను. "నీకేమైనా సందేహం ఉన్నదా?"

"లేదు సార్."

ఇంట్లో, కన్నతండ్రిని, సార్ అన్నది. వడ్డిస్తున్న మల్లీశ్వరిని, ఎప్పటినుండి ఇట్లు పిలుచుచున్నదని అడిగాను. "మూడో క్లాసు నుంచి. మీరిప్పుడు విన్నారా?" అన్నది నా భార్య. మూడవ తరగతిలో ఒకనాడు, చనిపోయిన మామ్మ ఫొటోలో ఎవరిని చూసి నవ్వుతోందని అడిగితే, నోరు మూసుకుని ఎక్కములు చదువుకొమ్మని గదిలో పెట్టి గడియ వేసితిని. సాయంకాలం గడియ తీయగా బుద్ధిగా బయటకు వచ్చినది. నాటినుండి ప్రథమ ర్యాంకు.

పరుగున వెళ్ళి పట్టీలో మీ జుబియా పేరు కొట్టివేసితిని. తరగతికి వెళ్ళి చూడగా ఆ చోట బల్ల మీద దుమ్ము మాత్రమున్నది. సున్నుండ దుమ్ములో పడి ఉన్నది.

మీకు ఇంట నిజమైన పిల్ల ఉన్నదిగదా, మాకును దొరకునన్న ఆశతో మా అమ్మాయి పేరు కూడ కొట్టివేసితిని. ఇంటికి వచ్చితిని. కుర్చీ ఉన్నది. కంచం ఉన్నది. గదులన్నీ వెదికితిమి.

కరిముల్లా గారూ, సిరా దట్టముగా పడి పట్టీలో పేరు చదువరాకున్నది. నాకు గుర్తుకు రావడం లేదు. మల్లీశ్వరికి నాలుక చివరనున్నది, బయటకు రావడం లేదు. గడియ వేసిన నాటికి ఎనిమిదేళ్ళు. అటువంటి పిల్ల మీ కాలువ గట్ల వెంట ఎవరినైనా ఏమైనా అడుగుచు తిరుగుచున్నదేమో చూడగలరా? దయచేసి ఊరుకోమని మాత్రం అనకండి.

ఇట్లు,
రామలింగం

తా.క. పుల్లయ్యను పిలిచి చెప్పుల లెక్క మరల చెప్పమన్నాను. చెప్పలేక ఏడ్చినాడు.

*

అవనిగడ్డ,
17-11-1998

సోదరతుల్యులు రామలింగం గారికి, కరిముల్లా ఊరట కలుగవలెనని వ్రాయునది.

శనివారం సూర్యాస్తమయంలోగా జుబియా ఇరవై తొమ్మిది ప్రశ్నలు అడిగింది. సంతోషం పట్టలేక నుస్రత్ ఒక్కొక్కటీ రెండేసిసార్లు అడిగించుకున్నది.

ఈ మధ్యాహ్నం తమ ఉత్తరం తెచ్చిన పోస్టుమేన్ వెనుకనే ఒక పిల్ల వచ్చింది. "ఈ పిల్లెవరో మాస్టారూ, చల్లపల్లి రోడ్డు నుంచీ నా బుర్ర తింటోంది!" అని వాపోయి అతడు సైకిలెక్కి పారిపోయాడు. ఎనిమిదేళ్ళుంటాయి. కాళ్ళకు చెప్పులు లేవు, మోకాళ్ళ దాకా కాలువ బురద. నుస్రత్ అన్నం పెడితే మూడుసార్లు వడ్డించుకున్నది. మధ్యమధ్య, పప్పు ఉడికినట్టు పప్పుకు తెలుస్తుందా అని అడిగింది.

తండ్రి పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది. తన పేరు మాత్రం చెప్పదు. జుబియా బతిమాలినా చెప్పలేదు.

"మా నాన్న వచ్చి అడిగితే చెప్తా. ఆయనకి నిజంగా తెలియదు కదా, అప్పుడైనా అడుగుతాడు."

అయ్యా, వెంటనే బయలుదేరండి. వచ్చి, ఇన్నేళ్ళు తాము ఎవరికీ అనుమతించని పని తామే చేయండి. అడగండి.

ఇట్లు,
శ్రేయోభిలాషి
కరిముల్లా

తా.క. అరుగు మీద కూర్చుని మరొకటి అడుగుతోంది. తన వయసు అక్కడే ఆగిపోయింది కదా, మరి బస్సు దిగే నాన్న అప్పటి నాన్నేనా, ముసలాయనా అని. నాకు తెలియదన్నాను.