పుట్టుమచ్చ లేని ఫోటో

బచేలి

చి. వాసవికి, నేను వేళకు తింటున్నాను, దిగులు పడకు.

ఆ చివరి రోజు పొద్దున మీ అత్త నీ చేత జడ వేయించుకుంది. నువ్వు ఫోటో తీసి మధ్యాహ్నం బస్సెక్కావు. సాయంత్రం టీ అడిగింది. నేను పెట్టి తెచ్చేసరికి పోయింది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ ఫోటోను గోడకు పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలని స్టూడియో ముకేష్‌కు ఇచ్చాను. "సార్, ఇది తొంభై కేబీనే ఉన్నది. పెద్దగ చేస్తే మొహం గళ్లుగళ్లు అయితది" అన్నాడు. మర్నాడు కంప్యూటర్‌లో బాగు చేశానని ఆరు ఎంబీల ఫైలు చూపించాడు. చర్మం నున్నగా ఉంది, గడ్డం మీది పుట్టుమచ్చ లేదు. ఏదయ్యా అంటే, "ఫైల్ల లేనిది నేనెక్కడికెల్లి తేవాలె సార్?" అన్నాడు. మరి అన్ని ఎంబీలు ఎక్కడి నుంచి తెచ్చాడు? ఇంకెవరి గడ్డమో అతికించాడని నా అనుమానం.

వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుందట. నీ ఫోన్‌లో ఉన్న అసలుది చెరపకు. మెమొరీ కార్డులో వేసి మీ నాన్న చేత పంపు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని మరిచిపోతావని ఈ పోస్టుకార్డు రాస్తున్నాను.

మీ అత్త పెట్టిన పచ్చడి మీద నూనె తగ్గింది. కాచి పోయాలా, పచ్చిదే పోయాలా? మీ అమ్మనడిగి రాయి. పిల్లలకు నా దీవెనలు.

రేపు పొద్దున ముకేష్ దగ్గరికి వెళ్లి, ఆ ఫోటో వద్దని చెప్పి, ఫ్రేము ఖాళీగానే తెచ్చుకుంటాను.

మీ మామయ్య