చిన్నాయన పట్టిన భుజం

ఉదయగిరి

చిరంజీవి సుజనకు చిన్నమ్మ దేవకమ్మ దీవెనలు.

ఫోను చెవిదాకా ఎత్తలేక జాబు రాస్తున్నాను. స్పీకరు పెడితే వీధంతా వింటాది. నొప్పికని నువ్వు పంపిన కరెంటు మిషను అందినాది. కొత్త వస్తువు కదా, మన చర్చి జోయల్ అయ్యగారి చేత ప్రార్థన చేయించి, దాని జిగురు అట్టలు భుజానికి అంటించుకున్నాను. జివ్వుమంటాదని రాస్తివే, అదేం లేదు. ఎవరో బొటనవేలితో నొక్కినట్టు ఉండాది. నొప్పి సగం తగ్గినాది.

నీ చిన్నమ్మ

తా.క. ఆ వేలు మీ చిన్నాయనది. బతికున్నన్నాళ్లూ ఒక్కపూట భుజం పట్టినోడు కాదు.

ఆత్మకూరు

చిన్నమ్మకు వందనాలు.

ఆ మిషను చర్మం మీద చిన్న కరెంటు పంపి, నొప్పి కబురు మెదడుకు చేరకుండా అడ్డుపడుతుంది, అంతే. సమాధిలో ఉన్న చిన్నాయనకు దానితో సంబంధం లేదు. లేదనే అనుకుంటున్నాను. సెల్లులు తీసి మళ్లీ వేసి చూడు.

సుజన

ఉదయగిరి

సుజనా, దీవెనలు.

ఇంకా సెల్లులేంది? ప్రార్థనలో కుయ్‌మంటాందని అయ్యగారు ఆపొద్దే పీకి అలమారలో పెట్టినాడు. నీ మాట విని వేస్తే చీమలు కుట్టినట్టుండాది, ఆయన రాలేదు. తీసేస్తే వచ్చినాడు.

చిన్నమ్మ

తా.క. కాస్త కిందికి నొక్కమంటే నొక్కినాడు. నా మాట ఎప్పుడూ విన్న మనిషి కాదు. ఆయనేనా అని ఇప్పుడు నాకే అనుమానం.

ఆత్మకూరు

చిన్నమ్మా, వందనాలు.

నీ జాబు చదివి బల్ల మీద బోర్లా పెట్టాను. నమ్మకంతో కూడా నొప్పి తగ్గుతుందని పుస్తకాల్లో ఉంది. మాట వినడం గురించి లేదు. వెంటనే ఇక్కడికి రా. ఇక్కడి ఫిజియోథెరపీలో రెండు కరెంట్లు భుజం లోపల కలిసేలా పెడతారు, వ్యాయామం చేయిస్తారు. తగ్గకపోతే నెల్లూరులో సూదితో నరం దగ్గరికే కరెంటు పంపుతారు. ఏది మేలో డాక్టరే గట్టిగా చెప్పలేదు, నేనెంత?

సుజన

ఉదయగిరి

సుజనా, దీవెనలు.

మీ ఊరి కరెంటుతో, వ్యాయామంతో చెయ్యి పూర్తిగా లేస్తాంది. సూది పని పడలేదు. ఇంటికొచ్చి అట్టలు అంటించుకొని కూర్చున్నాను. ఆయన రాలేదు. నొప్పి లేని చోట ఆయనకేం పని? మిషను పార్శిలు వేసినాను.

చిన్నమ్మ

తా.క. తెలిసుంటే సగం నొప్పి ఉంచుకుందును.

ఆత్మకూరు

చిన్నమ్మా, వందనాలు.

పార్శిలు ఇంకా రాలేదు. చిన్నాయన వచ్చాడు. నాకు భుజం నొప్పి లేదని చెప్పినా నొక్కుతూనే ఉన్నాడు. నీ దగ్గర దింపుదామని ఉదయగిరి బస్సెక్కి, ఊరు దాటకముందే దిగిపోయాను. అప్పటినుంచి నా భుజం మీద ఏమీ లేదు. చేరాడా?

సుజన

తా.క. దిగిపోయింది ఎందుకంటే, కండక్టరు నా చేతిలో ఆడవాళ్ల ఉచిత టిక్కెట్టు పెట్టి, నా వెనక్కి చూస్తూ అన్నాడు: "మీకు ఫ్రీ మేడమ్. పెద్దాయనకి తీసుకోవాల."