నీ మూతి చిక్కం

షేరూ,

నిన్ను కాల్చి చంపి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే మేడమ్ కొత్త కుక్కపిల్లను నా ఒళ్లో పెట్టి, "మేరీ, దీన్నీ నువ్వే చూసుకోవాలి" అన్నారు.

ఆ రోజు ఈ గల్ఫ్ ఊరు ఫుజైరా ఎండకు నువ్వు రొప్పుతుంటే చూడలేకపోయాను. మా కోనసీమలో చిక్కం ఎద్దుల మూతికి కడతారు గానీ కుక్కకు ఎవరు కడతారు? నీ చిక్కం విప్పేసి పెరుగన్నం పెట్టాను. గేటు తెరిచి ఉందని చూసుకోలేదు. నువ్వు ఒక్క ఉరుకున వెళ్లి పక్కింటి తోటమాలి కరీం భాయ్ పిక్క పట్టేశావు. కండ ఊడొచ్చింది. పోలీసులు వచ్చేదాకా నీ మెడపట్టీ పట్టుకుని లాగుతూనే ఉన్నాను, నువ్వు వదల్లేదు. "హటో!" అని అరిచారు. నేను తప్పుకున్నాను. రెండు తూటాలు పేలాయి. నీ మూతికి ఆయన నెత్తురుతోపాటు నేను పెట్టిన మెతుకులూ అంటుకుని ఉన్నాయి.

చిక్కం నువ్వే పీక్కున్నావని సార్‌తో చెప్పాను. అందరూ నిన్నే తిట్టారు.

ఇవాళ కుక్కపిల్లను ఎత్తుకుని వెళ్లి కరీం భాయ్‌కి నిజం చెప్పేశాను. ఆ కడపాయన కుంటుకుంటూ వచ్చి దాని తల నిమిరాడు.

"మాలూమ్ చెల్లెమ్మా, నాకు తెల్సు. ఆ పొద్దు చిక్కం నీ చేతిలోనే ఉండె గదా."