గవర్నరు ఆగిన కాసేపు

చిరంజీవి జోలీన్‌కు,

మీ నాన్న మనసారా దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, మీ అమ్మా, ముసలి కుక్క పెప్పరూ ముగ్గురం బాగున్నాం. రెండుసార్లు పైపుల్లో నీళ్ళు గడ్డకట్టడం తప్పితే ఇంటికి కూడా ఏ రోగమూ లేదు. అంత దూరాన అలాస్కాలో నువ్వూ, నీ బడీ, నువ్వు పాఠాలు చెప్పే పిల్లలూ చల్లగా ఉన్నారనే నమ్ముతున్నాను. చల్లగా అంటే మరీ ఆ చలి కాదులే.

తల్లీ, సంతోషం పట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు వంకర్లు పోతే వేళ్ళు కొంకర్లు పోయాయనుకోకు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన చెయ్యి, పైగా ఆనందంలో ఉన్న చెయ్యి. అయితే ఆ సంతోషం ఏమిటో ముందే చెప్పేస్తే నేను ఈ చలికాలమంతా పడ్డ అనుమానాలు నీకు అందవు. అందుకని వరసగా వస్తాను, విసుక్కోకు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలికి డాక్టరు సూది వేశాడు. మెట్లు దిగేటప్పుడు తప్ప అది నాకు ఉన్నట్టే గుర్తు రావడం లేదు. నువ్వు పంపిన ఎండు చేప చేరింది. అమ్మ ఇష్టంగా తిన్నది, నేను వాసన చూశాను, మిగతాది పెప్పర్ చూసుకుంది. ఇక మూడో ప్రశ్న. "అమ్మ ఫోన్ దగ్గరికి ఎందుకు రాదు నాన్నా? నేను ఇంత దూరం ఉద్యోగానికి వచ్చానని ఇంకా కోపమా?" అని అడిగావు. దానికి జవాబే ఈ ఉత్తరమంతా.

కోపం కాదమ్మా. ఏప్రిల్లో అమ్మకు వచ్చిన పక్షవాతం గురించి, చిన్నదే, నయమైపోయింది అని రాశాను. చెయ్యి నయమైంది, కాలు నయమైంది. మాట మాత్రం కాలేదు. తలలో మాట ఉంటుంది, నోటి దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. నీకు రాయొద్దని తనే తల అడ్డంగా ఊపింది. ఇన్నాళ్ళూ బయట ఒక్కరితోనూ మాట్లాడలేదు. అంగట్లో వేలితో చూపించేది. చర్చిలో పాటలప్పుడు పుస్తకం తెరిచి ఊరికే నిలబడేది. ఫోన్ మోగితే వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు రాయమని తనే అంటే రాస్తున్నాను.

ఇంతలో ప్రెసిడెంటు పదవికి మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికలొచ్చాయి. ఈసారి మా పేటలో సెనేటర్ ప్రెంటిస్ తరఫున మనుషుల్ని కూడగట్టడానికి నన్ను కెప్టెన్ని చేశారు. నలభై ఏళ్ళు ధాన్యం గోదాములో బస్తాలు తూకం వేసిన నన్ను! ఛాతీ మీద ఇంత బిళ్ళ. మన వాళ్ళందరినీ వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోశాను. మేత దుకాణం లెస్టర్ని కూడా లాక్కొచ్చాను.

"మీ సెనేటర్ నోరు కుట్టుమిషన్ లాగా నడుస్తుంది రా సెల్మర్" అన్నాడు లెస్టర్.

"అది పొగడ్తా, తిట్టా?"

"కుట్టిన గుడ్డ చూశాక చెబుతా."

అతనికంటే గట్టి మనిషి నా దగ్గర లేడు. అందుకే అతని మీద కూడా ఒక కన్నేసి ఉంచాను.

జనవరిలో అభ్యర్థుల మొదటి టీవీ చర్చ జరిగింది. ఊళ్ళో సగం మంది బెర్నిస్ హోటల్లోనే చూశాం. అమ్మనీ తీసుకెళ్ళాను. తలో మాట! అందరి మొహాలూ పిండి అద్దిన రొట్టెల్లా ఉన్నాయంది బెర్నిస్. "పందికి మేత వేసినోడు ఒక్కడన్నా ఉన్నాడా అందులో? నడుం కింద చూపించరు, బూట్లు కనిపిస్తాయని భయం" అన్నాడు వెనక బల్ల మీంచి ఒక రైతు. అది నాకూ ఉన్న అనుమానమే. ప్రశ్నలు ముందే అందాయని ఇంకో అనుమానం. మా సెనేటర్‌కి అందలేదులే, మిగతావాళ్ళకి.

అప్పుడు ప్రశ్నలడిగే ఆవిడ, పల్లెల్లో ఆసుపత్రులు మూసేస్తున్నారు కదా, ఒంట్లో బాగాలేని మనిషిని అరవై మైళ్ళు మోసుకెళ్ళే వాళ్ళకి ఏం చెబుతారు అని అడిగింది. ఆ ప్రశ్న సగంలో ఉండగానే మా సెనేటర్ జవాబు మొదలుపెట్టాడు. మూడు ముక్కల్లో తేల్చేశాడు. తర్వాత ఇంకో అభ్యర్థి, గవర్నర్ ఆస్‌గుడ్ వంతు. ఆయన బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. నోరు తెరవడు. టీవీ పాడైందేమోనని చూశాం. బెర్నిస్ చేతిలో కాఫీ కూజా వంచింది వంచినట్టే ఆగిపోయింది. చివరికి "దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఉన్నంత వరకు చెబుతాను" అన్నాడు.

అయితే ఆయన నోరు తెరవకముందే నేను తెరిచాను. "బ్యాటరీ అయిపోయింది! ఎవరన్నా వెనకనుంచి తొయ్యండర్రా, స్టార్టవుతాడు!" అని అరిచాను. హోటలంతా గొల్లుమంది. అమ్మ కప్పు కింద పెట్టి, కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. లోపల ఉక్కగా ఉందనుకున్నాను.

లెస్టర్ ఒక్కడే నవ్వలేదు. "ఆయన ఆలోచించాడు రా. టీవీలో ఒక మనిషి ఆలోచించడం చూసి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఆలోచన కాదు, పాడూ కాదు. అక్కడ ఆగమని ఎవడో నేర్పించాడు" అన్నాను.

అప్పటినుంచి మీ అమ్మ మీద నా అనుమానం మొదలైంది. గురువారం సాయంత్రమయ్యేసరికి మీ లావోన్ పిన్ని కారు హారన్ మోగేది. చర్చి కింద గదిలో దుప్పట్లు కుడుతున్నామని పిన్ని చెప్పింది. కుట్టే మనిషి స్వెట్టర్ మీద దారప్పోగు ఉండొద్దా? ఒక్కటీ లేదు. చర్చికి వెళ్ళి ఆరా తీస్తే, దుప్పట్లు కుట్టేది మంగళవారాలట! నా వాళ్ళెవరో, ఎవరు ఊగుతున్నారో అమ్మకి తెలుసు. కాఫీ అందించింది తనే. ఆ గుట్టంతా గవర్నరు మనుషులకి చేరుతోందని తీర్మానించుకున్నాను.

మీ పిన్నిని ఆపి నిలదీశాను. "ఏం మరదలా, గవర్నర్ తాలూకు మనిషెవరన్నా వస్తున్నాడా మీ దుప్పట్ల దగ్గరికి?"

"వస్తున్నాడు బావా, తెల్లగుర్రమెక్కి. ముందు నీ పేటలో మూల నువ్వు ఊడ్చుకో" అంది. అంత ధైర్యంగా వెక్కిరిస్తోందంటే ఏదో ఉన్నట్టే కదా?

రెండో చర్చ రోజున నేను వాకిట్లో మంచు ఎత్తిపోసి లోపలికి వచ్చాను. అమ్మ టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని ఉంది. గవర్నరు మాట్లాడుతున్నాడు. ఆయన పెదవులతో పాటు అమ్మ పెదవులు కదులుతున్నాయి! నన్ను చూసి టక్కున కట్టేసింది.

"ఏం చూస్తున్నావే?"

"నేను..." అంది.

"వాతావరణమా?" అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసి, అలసటగా తల ఊపింది. అబద్ధమని నాకు తెలుసు. ఆ రాత్రి పక్కకి తిరిగి పడుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఒక టీవీ మనిషి మా మంచం మధ్యన చేరాడు, చూడు!

ఇక కాకస్ సభ. చదువు కోసం నువ్వు ఊరు విడిచేనాటికి నీకు ఓటు రాలేదు కనక చెబుతున్నాను. ఇక్కడ చీటీ మడిచి పెట్టెలో వెయ్యడం ఉండదు. బడి ఆటల గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల. ఎవరి వైపు వాళ్ళు అందరి కళ్ళముందూ వెళ్ళి నిలబడాలి. మొగుడు ఒక మూల, పెళ్ళాం ఇంకో మూల అయితే ఊరంతా చూస్తుంది. మా సభలో ఒక గుంపు నిలవాలంటే పదకొండు మంది ఉండాలి. తగ్గితే ఆ గుంపు చెదిరిపోవాలి. ఆ మనుషుల కోసం మిగతా మూలల వాళ్ళు వలలేస్తారు.

ఆటల గదిలో అడుగుపెట్టగానే అమ్మ నా చెయ్యి వదిలేసి తిన్నగా గవర్నరు మూలకి నడిచింది. నేననుకున్నదే! చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూశారు. నేను బిళ్ళ సర్దుకున్నాను.

ఒక్కో మూల నుంచి ఒకరు మాట్లాడాలి. సెనేటర్ గురించి నేను గడగడా చెప్పేశాను, చప్పట్లు పడ్డాయి. గవర్నరు తరఫున పశువుల డాక్టరు లేస్తాడనుకున్నాం. అమ్మ లేచింది.

అమ్మ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"నా పేరు... ఆర్డిస్. ఏప్రిల్ నుంచి... నాకు మాట... ఆలస్యం." గోడ పక్కన గదిని వెచ్చబెట్టే ఆవిరి గొట్టం టక్కుటక్కుమంటోంది. "టీవీలో... ఆయన ఆగాడు. మీరు... నవ్వారు. నేను... నవ్వలేదు. ఆగే మనిషి... వింటాడని... నా..."

అక్కడ మాట ఆగిపోయింది. ఊరంతా చూస్తోంది. నమ్మకం, నమ్మకం అని నా నాలుక చివర గెంతుతోంది. అమ్మ దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి తనే పట్టుకుంది. "...నమ్మకం" అంది. కూర్చుంది.

వెంటనే చప్పట్లు పడలేదు. ఎందుకో తెలుసా? ఇంకా ఉందేమోనని ఆగారు. ఆ పందుల రైతు టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆగాడు. ఈ ఊరు మీ అమ్మ కోసం ఆగింది తల్లీ!

లావోన్ నా పక్కకి వచ్చి చెవిలో చెప్పింది. గురువారాలు వెళ్ళింది మిస్ హాల్వర్‌సన్ ఇంటికట. పిల్లల చేత నాటకాలు వేయించేదే, మీ బడి టీచరు, ఆవిడ. గవర్నరు మాటలు టేపు పట్టి, ఆయన వెంట అమ్మ చేత పలికించేదట. మిగతా అభ్యర్థుల వెంట పరిగెత్తడం అమ్మ వల్ల కాలేదట. ఆయన ఒక్కడే మధ్యమధ్య చోటు వదులుతాడట.

"ఇంట్లో చెయ్యొచ్చుగా? నేను లేనా?" అన్నాను.

"నువ్వున్నావు కాబట్టే బావా. అక్క నోరు తెరిచేలోగా నువ్వే చెప్పేస్తావుటగా."

తలలు లెక్కపెట్టారు. గవర్నరు మూలలో పదిమంది! ఒక్కడు తక్కువ. ఎవరినన్నా తెచ్చుకోకపోతే గుంపు చెదురుతుంది. అమ్మ లేచి గది అడ్డంగా దాటి మా మూలకి రావడం మొదలుపెట్టింది. మా వాళ్ళు "వస్తోంది రా నీ కోసం, గట్టిగా నిలబడు" అని నన్ను పొడుస్తున్నారు. నేను గట్టిగానే నిలబడ్డాను. అమ్మ నన్ను దాటుకుని పక్కనున్న లెస్టర్ ముందు ఆగింది!

"లెస్టర్... ఆ రోజు హోటల్లో... నువ్వు..."

ఇక్కడే తల్లీ, ఎవరికీ చెప్పని సంగతి నీకు చెబుతున్నాను. నేను బిత్తరపోయి నోరు మూసుకున్నానని ఊరంతా అనుకుంటోంది. నా పెళ్ళాం కాల్చే తీపి 'పై' ముక్క కోసం అమ్ముడుపోయానని జిల్లాలోని సెనేటర్ మనుషుల అనుమానం. రెండూ కావు. కెప్టెన్ అనేవాడు అక్కడ అడ్డుపడాలి. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆసుపత్రుల మీద సెనేటర్ అన్న ముక్క ఒక్కటి వేస్తే లెస్టర్ నా వాడే. అమ్మ మాట కోసం వెతుకుతున్న ఆ కాసేపట్లో నాలుగు ముక్కలు వెయ్యొచ్చు. లెస్టర్ కూడా నా వైపు తిరిగాడు. "ఏరా కెప్టెన్, నన్ను కాపాడుకోవా?" అన్నాడు. నేను కావాలనే నేల మీద గీతలు చూస్తూ నిలబడ్డాను. మా సెనేటర్‌కి ఒక మనిషి పోతాడని తెలిసే నిలబడ్డాను.

"...నవ్వలేదు" అని పూర్తి చేసింది అమ్మ. "మా మూలకి... రా."

లెస్టర్ టోపీ తీసుకున్నాడు. "ఆవిడ మాట ముగించేలోగా నువ్వు ఒక్కమాట అన్నా ఉండిపోయేవాణ్ణి రా" అని అమ్మ వెంట నడిచాడు. పదకొండు! గవర్నరు గుంపు నిలిచింది. నా మూలలో నేను చప్పట్లు కొట్టాను. కొట్టకూడదట, తిట్టారు. అయినా కొట్టాను.

నేను మారానని మాత్రం అనుకోకు. నేను ఇప్పటికీ సెనేటర్ మనిషినే. ఆ గవర్నరుకి ఆగడం ఎవడో నేర్పించాడన్న నా అనుమానం పోలేదు. తిరిగి వస్తూ కార్లో ఆ మాటే అన్నాను. అమ్మ కిటికీలోంచి మంచు చూస్తోంది. నేను ఊరుకుని కారు నడిపాను. లెస్టర్ దుకాణం దాటాం, వంతెన కూడా దాటాం.

"నేర్పితే... నేర్పారు" అంది చివరికి. "నాకూ... నేర్పారుగా."



ఇక అసలు పని. వచ్చే ఆదివారం మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను తియ్యను. అమ్మ నడిచి వచ్చేదాకా మోగనీ. తీశాక నీకు ఏమీ వినిపించదు. లైను తెగిందనుకోకు. హలో హలో అని అరవకు. మాట నువ్వు అందించకు. అమ్మ అక్కడే ఉంటుంది, నీ దగ్గరికి వస్తూ ఉంటుంది. నేను గదిలో ఉంటే మధ్యలో దూరతానని తనకి అనుమానం. అందుకని నన్నూ పెప్పర్నీ పెరట్లోకి వెళ్ళమంది. మేమిద్దరం మంచులో నిలబడి కిటికీలోంచి చూస్తూ ఉంటాం. నువ్వు మాత్రం ఫోన్ పెట్టేయకు.

ఇట్లు,
గవర్నరు మూలకి పోని, మీ అమ్మకి అడ్డం రాని,
నీ నాన్న
సెల్మర్